గుర్రప్పిల్ల కాలు ఎప్పుడు పట్టుకోవాలి?

(చిత్తూరులో గుర్రాలు పెంచే కుటుంబాల వాళ్లు, పాడి రైతులు, వెటర్నరీ విద్యార్థులు కలిసిన సమావేశంలో ఒక పశువైద్యుడు మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్లు చదువుకోవడానికి రికార్డింగు విని టైప్ చేశాం.)

నమస్కారం అండీ. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. భాయ్, మీరు కూడా రండి, తలుపు దగ్గర ఎందుకు?

ఇక్కడ పెళ్లిళ్లకు, ఊరేగింపులకు గుర్రాలు పంపే ఇళ్లవాళ్లున్నారు. ఇష్టంతో ఒకటో రెండో పెంచుకునేవాళ్లున్నారు. తిరుపతి నుంచి కాలేజీ పిల్లలు బస్సెక్కి వచ్చారు, చాలా సంతోషం. ఇందరున్నా నేను మాట్లాడేది ఒక్కటే విషయం. కాలు. గుర్రప్పిల్ల కాలు. మీలో చాలామంది మందుల గురించి అడగాలని వచ్చారని తెలుసు. మేత గురించి కొంచెం, సూదుల గురించి కొంచెం చెబుతాను. కానీ నేను పనిగట్టుకుని వచ్చింది మాత్రం కాలు కోసమే.

మన జిల్లాలో పశువంటే ఆవు. పుంగనూరు ఆవు పుట్టిన నేల ఇది. పలమనేరు, కుప్పం వైపు ఏ ఊరికెళ్లినా తెల్లారేసరికి పాలక్యాన్లు రోడ్డు మీద ఉంటాయి. దూడను ఎలా పెంచాలో ఈ జిల్లా ఆడవాళ్లకు నేను చెప్పేదేముంది? వాళ్లే నాకు చెప్పాలి. అయితే చిక్కు అక్కడే వస్తోంది. దూడను పెంచిన చేత్తోనే గుర్రప్పిల్లను పెంచుతున్నాం. దూడకు పెట్టిందే దీనికీ పెడుతున్నాం. దూడను కట్టిన చోటే దీన్నీ కడుతున్నాం. మీరే చెప్పండి, దూడ కాలు ఎప్పుడైనా ఎత్తి అడుగు చూశారా? చూసి ఉండరు, ఆ అవసరం రాదు. అందుకని గుర్రప్పిల్ల కాలూ ఎవరూ ఎత్తి చూడరు. లాడం కొట్టే ఆయన వచ్చిన రోజే మొదటిసారి ఎత్తుతారు. అప్పటికి దానికి ఏడాదిన్నర, రెండేళ్లు. బరువు రెండు వందల కిలోలు దాటి ఉంటుంది. అది కాలు ఇస్తుందా?

ఇవ్వదు. ఎందుకిస్తుంది? గుర్రానికి ఉన్న రక్షణ అంతా పరుగే. కాలు ఎవరైనా పట్టుకుంటే ఇక పారిపోలేదు. అది పుట్టుకతో వచ్చిన భయం. ఆ భయాన్ని చిన్నప్పుడే పోగొట్టకపోతే ఏం జరుగుతుంది? నలుగురు పట్టుకుంటారు, పై పెదవికి తాడు మెలేస్తారు, ఒకాయన చెవి పట్టుకుంటాడు, ఇంకా వినకపోతే పడేస్తారు. పని అయిపోతుంది. కానీ ఆ రోజు గుర్రం ఏం నేర్చుకుంది? కాలు పట్టుకున్నారంటే ప్రాణం మీదికి వచ్చినట్టేనని నేర్చుకుంది. తర్వాత దాని అరికాల్లో మేకు దిగినా చూపించుకోదు. అప్పుడు డాక్టరు మాత్రం ఏం చేయగలడు?

ఇప్పుడు డెక్క అంటే ఏమిటో చూద్దాం. ఆవు కాలికి రెండు గిట్టలు, గుర్రానికి ఒక్కటే. మన చేతిలో నడివేలు ఉంది చూడండి, గుర్రం నిలబడేది అలాంటి ఒక్క వేలి కొన మీద. డెక్క దాని గోరు. అందుకే అంత బరువు పడే చోట ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ అరిగితే ఆ వంకర పైకి, కీళ్ల దాకా పోతుంది. డెక్క అడుగున మధ్యలో త్రికోణంలా మెత్తటి భాగం ఉంటుంది. ఫ్రాగ్ అంటాం. గుర్రం అడుగు వేసినప్పుడల్లా మడమ వైపు కాస్త విచ్చుకుని, లోపలి రక్తాన్ని పైకి తోస్తుంది. అంటే పిల్ల నడవాలి. కట్టేసిన పిల్లకు డెక్క సరిగా తయారు కాదు. రోజూ తల్లితో పాటు తిరగడానికి కాస్త జాగా ఇవ్వండి, అంతకు మించిన వైద్యం లేదు.

పుట్టగానే పిల్ల డెక్కల కింద తెల్లగా, పసుపుగా, మెత్తగా ఏదో వేలాడుతూ కనిపిస్తుంది. మొదటిసారి చూసినవాళ్లు హడలిపోతారు. పిల్లకు ఏదో లోపం ఉందని కత్తి తీసుకునేవాళ్లు కూడా ఉన్నారు. దయచేసి ముట్టుకోకండి. పదకొండు నెలలు కడుపులో ఉన్న పిల్ల, గట్టి డెక్కలతో తల్లి గర్భసంచిని చీల్చకుండా ప్రకృతి వేసిన తొడుగు అది. పిల్ల లేచి నాలుగడుగులు వేస్తే అరిగి, ఎండి, దానంతట అదే పోతుంది.

మొదటి రోజు సంగతి త్వరగా చెప్పేస్తాను. గంటలో లేవాలి, రెండు గంటల్లో పాలు తాగాలి, మూడు గంటల్లో తల్లికి మాయ పడాలి. ఒకటి, రెండు, మూడు. ఏది తప్పినా ఫోన్ చేయండి, తెల్లారనీ అని ఆగకండి. మాయ పడకపోతే ఆవుకైతే కొంత టైముంటుంది, గుర్రానికి ఉండదు. జున్నుపాలు మొదటి ఆరు గంటల్లోనే పిల్ల కడుపులోకి వెళ్లాలి. రోజు గడిచాక తాగినా అందులోని రక్షణ పదార్థాలు రక్తంలోకి చేరవు. బొడ్డుకు మందు పెట్టాలి. ఒకటి రెండు వారాల వయసులో కాస్త పలచగా విరేచనం అవుతుంది, పిల్ల హుషారుగా పాలు తాగుతుంటే కంగారు వద్దు. నీరసపడితే మాత్రం వెంటనే చూపించాలి. పిల్ల తన తల్లి పేడ తింటోందని కొట్టేవాళ్లున్నారు. కొట్టొద్దు. గడ్డి అరిగించే సూక్ష్మజీవుల్ని అది అలాగే కడుపులోకి తెచ్చుకుంటుంది.

సరే, కాలి దగ్గరికి వద్దాం.

పుట్టిన మొదటి గంటల్లో పిల్లను ముద్దు చేయకండి. ఆ టైము తల్లిది. అది వాసన చూడాలి, నాకాలి, పిల్ల పొదుగు వెతుక్కోవాలి. ఇంటిల్లిపాదీ వచ్చి ఫోటోలు తీస్తుంటే ఆ పనులు జరగవు. రెండో రోజో మూడో రోజో మొదలుపెట్టండి. మొదట కాలు కాదు, ఒళ్లు. ఒకరు తల్లిని పట్టుకోవాలి, పిల్ల కంటికి తల్లి కనపడుతూ ఉండాలి, తల్లికి పిల్ల కనపడుతూ ఉండాలి. ఇంకొకరు పిల్ల పక్కన నిలబడి ఒక చెయ్యి రొమ్ముకు అడ్డంగా, ఇంకో చెయ్యి వెనక పిర్రల చుట్టూ పెట్టాలి. బిగించొద్దు. అది ముందుకు పోతే ముందు చెయ్యి ఆపుతుంది, వెనక్కి పోతే వెనక చెయ్యి ఆపుతుంది. కాసేపటికి నిలబడుతుంది. నిలబడిన క్షణంలోనే చేతులు వదులు చేయండి. దానికి అర్థం కావలసింది అదే. గింజుకుంటే ఏమీ రాదు, నిలబడితే వదులుతారు.

తల్లిని ఎవరు పట్టుకోవాలి? ఇంట్లో దానికి బాగా అలవాటైన మనిషి. తల్లి బెదిరితే పిల్ల బెదురుతుంది. తల్లి నింపాదిగా గడ్డి నములుతుంటే పిల్లకు సగం ధైర్యం వచ్చేస్తుంది. పిల్ల ముందే తల్లి కాళ్లు ఒక్కొక్కటీ ఎత్తి శుభ్రం చేయండి. పిల్ల చూస్తూ ఉంటుంది.

తర్వాత మెడ నుంచి భుజం, భుజం నుంచి మోకాలు, మోకాలి నుంచి కిందికి చేత్తో నిమరండి. పిల్ల కాలు విదిలిస్తే చెయ్యి తీసేయకండి, దాంతో పాటే పోనివ్వండి. తీసేశారంటే, విదిలిస్తే పని జరుగుతుందని దానికి మీరే నేర్పినట్టు. అలా అని కాలు గట్టిగా పట్టేసి నొక్కిపెట్టనూ కూడదు. చెయ్యి అక్కడే ఉంటుంది, బరువు లేకుండా ఉంటుంది. ఈ తేడా చేతికి తెలియాలి. నేను ఎన్ని మాటలు చెప్పినా రాదు, చేస్తే వస్తుంది.

ఒళ్లంతా నిమిరితే ఊరుకుంటోంది అనుకున్నాక ముందు కాలు. మీ ముఖం దాని తోక వైపు ఉండాలి, మీ భుజం దాని భుజానికి దగ్గరగా ఉండాలి. చెయ్యి భుజం మీద వేసి, వదలకుండా కాలి వెనక నరం, అంటే కండను ఎముకకు కలిపే తాడు లాంటిది, దాని వెంట కిందికి జార్చండి. కింది కీలుకు కాస్త పైన బొటనవేలు, చూపుడువేలు పెట్టి మెల్లగా నొక్కండి. లాగొద్దు. ఆగండి. అది బరువు అవతలి కాలి మీదికి మార్చుకుంటుంది, మడమ లేస్తుంది. అప్పుడు మీ అరచెయ్యి కింద పెట్టండి. నేలకు జానెడు ఎత్తు చాలు. ఎంతసేపు? రెండు మూడు సెకన్లు. అది లాక్కునే లోపే మీరే కింద పెట్టేయండి. కింద పెట్టాలి, జారవిడవకూడదు. కాలు దభీమని నేలకు తగిలితే రేపు ఇవ్వదు. మరుసటి రోజు అయిదు సెకన్లు, ఆ తర్వాత పది. రెండు వారాలకు మీరు భుజం మీద చెయ్యి వేయగానే అదే కాలు తేలిక చేస్తుంది.

వెనక కాలు కష్టం, అందరికీ అక్కడే భయం. పిర్ర మీద ఒక చెయ్యి ఎప్పుడూ ఉండాలి. అది తన్నబోతే ముందు ఆ కండ బిగుస్తుంది, మీకు తెలిసిపోతుంది. రెండో చెయ్యి తొడ మీదుగా కిందికి వెళ్లాలి. ఎత్తగానే వెనక్కి లాగకండి. మొదట కాలు ముందుకు, పొట్ట కిందికి మడుస్తుంది, మడవనివ్వండి. అప్పుడు మెల్లగా వెనక్కి తీసుకెళ్లండి, తక్కువ ఎత్తులో, ఒంటి కిందే ఉండేలా. మనవాళ్లు చేసే తప్పు పక్కకు లాగడం. మీ నడుం సౌకర్యం కోసం దాని తుంటి పక్కకు లాగుతున్నారు. దానికి నొప్పి. ఆ కీలు అటు తిరగదు. నొప్పితో తన్నితే పొగరంటారు. పొగరు కాదమ్మా అది, నొప్పి.

ఎడమ వైపు ఎన్నిసార్లు చేస్తే కుడి వైపూ అన్నిసార్లు చేయండి. మనం అంతా ఎడమ వైపు నుంచే పోతాం, అలవాటు. ఒక వైపు నేర్చుకున్నది గుర్రం రెండో వైపుకు పూర్తిగా తెచ్చుకోదు, మళ్లీ నేర్పాలి. ఇక కాలు నిమ్మళంగా ఇస్తోంది అనుకున్నాక అరచేత్తో డెక్క అడుగున తట్టండి. తర్వాత చిన్న కట్టె ముక్కతో తట్టండి. ఆకురాయి తెచ్చి దాని పక్కన ఏ చెక్కకో రుద్ది శబ్దం వినిపించండి. ఇదంతా రోజుకు ఎంత పని? పది నిమిషాలు. ఉదయం మేత వేసేటప్పుడు పది నిమిషాలు.

ఒక జాగ్రత్త చెప్పకుండా ముందుకు పోలేను. పిల్లను తల తాడుతో గుంజకు కట్టి వదిలేయకండి. దూడను కడతాం, గింజుకుంటుంది, అలసిపోతుంది, ఊరుకుంటుంది. గుర్రప్పిల్ల అలా ఊరుకోదు. ఒక్కసారిగా వెనక్కి పడుతుంది. మెడ ఎముకలు లేతవి, అక్కడ దెబ్బ తగిలితే బాగుచేయలేం. తల తాడు తగిలించి ఆరుబయట వదిలినా ప్రమాదమే. చెవి గోక్కోవడానికి వెనక కాలు ఎత్తుతుంది, డెక్క తాడులో ఇరుక్కుంటుంది. పని ఉన్నప్పుడే వేయండి, కాగానే తీసేయండి.

ఇంత చిన్నప్పుడే ఎందుకు, ఆరు నెలలు ఆగకూడదా అని అడుగుతారు. ఆగకూడదు. ఎముక చివర్లలో పెరిగే భాగాలుంటాయి. కాలు వంకర ఏదైనా ఉంటే అవి పెరుగుతున్నంత కాలమే సరిచేయగలం. డెక్కకు పైన ఉన్న కింది కీలు దగ్గర ఆ పెరుగుదల చాలా వరకు మొదటి మూడు నాలుగు నెలల్లోనే అయిపోతుంది. మోకాలి దగ్గర ఇంకా ఎక్కువ కాలం సాగుతుంది. అంటే కింది కీలు వంకరను అయిదో నెలలో నాకు చూపిస్తే నేను చేయగలిగింది చాలా తక్కువ. తమిళనాడులోని అంతియూరు సంతకు వెళ్లి గుర్రాలు కొనేవాళ్లు మీలో ఉన్నారు కదా? అక్కడ ముందు ఏం చూస్తారు? రంగు, సుడులు, చెవులు. ఇకమీదట మొదట గుర్రానికి ఎదురుగా నిలబడి ముందు కాళ్లు చూడండి. తర్వాత వెనక నుంచి. తర్వాత గట్టి నేల మీద నడిపించి డెక్క ఎలా పడుతోందో చూడండి. సుడుల సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.

ఇందులోనే ఇంకో మాట, కాలేజీ పిల్లలు రాసుకోండి. పుట్టిన పిల్లకు ముందు డెక్కలు కాస్త బయటికి తిరిగి ఉండటం మామూలే. రొమ్ము ఇరుకుగా ఉంటుంది, మోచేతులు లోపలికి ఉంటాయి. రొమ్ము వెడల్పయ్యే కొద్దీ అవే సర్దుకుంటాయి. దాన్ని చూసి డెక్క ఒక పక్క కోసి ఇప్పుడే నిటారు చేసేస్తాం అంటే, పెద్దయ్యాక లోపలికి తిరుగుతాయి. ఏది ఆగాల్సిన వంకర, ఏది ఆగకూడని వంకర అన్నది డాక్టరు చూసి చెప్పాలి. నెలకోసారి ఎదురు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. రోజూ చూసే కంటికి మార్పు తెలియదు, ఫోటోలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

పెద్ద గుర్రం డెక్క నెలకు 6 నుంచి 10 మిల్లీమీటర్లు పెరుగుతుంది. పిల్లది ఇంకా వేగం, నెలకు 15 దాకా పెరుగుతుంది. కాబట్టి రెండో నెలలో మొదటిసారి ఆకురాయి పడాలి, ఆ తర్వాత నాలుగు నుంచి ఆరు వారాలకోసారి. కత్తితో పనే లేదు, ఆకురాయితో అంచు సమం చేసి కాస్త గుండ్రంగా రుద్దితే చాలు. ఫ్రాగ్ కోయొద్దు, అరికాలు చెక్కొద్దు. మన రాళ్ల నేల మీద ఆ మందమే దానికి చెప్పు. లాడాలు ఇప్పుడే వద్దు. ఇనుము బిగించేస్తే ఎదిగే డెక్క విచ్చుకునే జాగా ఉండదు.

లాడాలు కొట్టే పని తెలిసిన పెద్దవాళ్లు మన జిల్లాలో తగ్గిపోతున్నారు. ఎద్దులు తగ్గాయి, జట్కాలు పోయాయి, పిల్లలు వేరే పనుల్లోకి వెళ్లారు. ఇక్కడ ఒక పెద్దాయన ముందు వరుసలో కూర్చున్నారు, ఆయన చేతి పని నేను చూశాను. ఆయన్ను మీరు పిలిచేది గుర్రం కుంటినప్పుడు. కుంటకముందే పిలవండి. పిలిచినప్పుడు మంచి కూలి ఇవ్వండి. కాలు ఇవ్వని గుర్రాన్ని ఆయన ముందు నిలబెట్టి ఆయన నడుము విరగ్గొట్టకండి. నేర్చుకోవాలన్న కుర్రవాళ్లుంటే ఆయన వెంట పంపండి.

నేల సంగతి. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కూడా గట్టి వానలుంటాయి. 2021 నవంబరులో తిరుపతి ఎలా మునిగిందో చూశాం కదా. ఆ నెలల్లో లాయంలో తడి, మూత్రం, పేడ కలిసి ఉంటే ఫ్రాగ్ పక్కనున్న గాడిలో నల్లగా, కుళ్లు వాసనతో చీము పడుతుంది. రోజూ డెక్క గీకే కొక్కెంతో మడమ వైపు నుంచి ముందుకు గీకి శుభ్రం చేస్తే అది రాదు. వాసన ముక్కుకు తగిలిందంటే అప్పటికే మొదలైనట్టు. వేరుశనగ పొట్టు పరిస్తే మంచిదే, బూజు పట్టింది మాత్రం వద్దు. ఇసుక పరిచిన చోట మేత నేల మీద వేయకండి, మేతతో పాటు ఇసుక కడుపులోకి పోయి శూల వస్తుంది.

ఇప్పుడు మేత. పాడి రైతులు జాగ్రత్తగా వినండి. మీ పొలంలో కో-4, సూపర్ నేపియర్ ఉంటుంది. ఆవుకు బంగారం లాంటి గడ్డి. అందులో ఆక్సలేట్లు ఎక్కువ. ఆవు కడుపులోని సూక్ష్మజీవులు వాటిని విరగ్గొడతాయి. గుర్రానికి ఆ ఏర్పాటు లేదు. ఆక్సలేట్లు మేతలోని కాల్షియాన్ని పట్టేసుకుంటాయి, పిల్ల ఎముకకు అందదు. దాని మీద మనం తవుడు పెడతాం. తవుడులో కాల్షియం కంటే ఫాస్ఫరస్ ఎన్నో రెట్లు ఎక్కువ. రెండూ కలిస్తే ఎముకలోని కాల్షియం బయటికి పోతుంది. ముఖం ఎముకలు ఉబ్బుతాయి, కాళ్లు నొప్పి పుడతాయి, కుంటుతుంది. మీరు డెక్కలో ఏదో దిగిందని వెతుకుతుంటారు, తప్పు మేతలో ఉంటుంది. ఎండుగడ్డి రకాలు మార్చి పెట్టండి, లూసర్న్ గడ్డి కొంచెం వేయండి, బూజు లేని వేరుశనగ కట్టె వేయండి. ఉలవలు నానబెట్టి పెట్టండి, మితంగా. తొందరగా ఎత్తు పెరగాలని గింజలు దండిగా పెడితే ఎముక ఒక వేగంలో, నరం ఒక వేగంలో పెరిగి డెక్క నిటారుగా, డబ్బాలా తయారవుతుంది.

కోళ్ల దాణా దగ్గరికి గుర్రాన్ని అసలు రానివ్వొద్దు. కోళ్లకు జబ్బు రాకుండా కలిపే మోనెన్సిన్ లాంటి మందులు గుర్రం గుండె కండరాన్ని దెబ్బతీస్తాయి. కోడికి మందు, గుర్రానికి విషం. కొన్ని పశువుల దాణాల్లోనూ అది ఉంటుంది. సంచి మీద రాసింది చదవకుండా వేయకండి.

ధనుర్వాతం సూది. గుర్రానికి ఈ జబ్బు ముప్పు ఎక్కువ, అరికాల్లో చిన్న మేకు చాలు. ఈనడానికి నెల ముందు తల్లికి వేయిస్తే జున్నుపాల ద్వారా పిల్లకు రక్షణ వస్తుంది. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య పిల్లకు మొదలుపెట్టాలి. నట్టల మందు ఎప్పుడెప్పుడన్నది మీ డాక్టర్ని అడగండి.

చివరిగా పెళ్లి గుర్రాలవాళ్లతో ఒక మాట, కోపగించుకోకుండా వినండి. రెండేళ్ల పిల్ల మీద పెళ్లికొడుకును ఎక్కించకండి. సీజన్లో గిరాకీ ఎంతుంటుందో, బ్యాంకు అప్పు ఎంతుందో నాకు తెలుసు. కానీ దాని మోకాళ్లే ఇంకా గట్టిపడలేదు, వెన్నెముక అయితే అయిదారేళ్ల దాకా పూర్తిగా గట్టిపడదు. ఎనభై కిలోల మనిషి, జీను, అలంకారం, బ్యాండు చప్పుడు, తారు రోడ్డు, మూడు గంటలు. మూడేళ్ల వరకు మీద బరువే వద్దు. ఆ పిల్లను జీను లేకుండా పెద్ద గుర్రం పక్కన ఊరికే నడిపించండి, చప్పుడుకు, లైట్లకు అలవాటు పడనివ్వండి. ఏడేళ్లకే కుంటి అమ్మేసుకునే గుర్రం కంటే పదిహేనేళ్లు పనిచేసే గుర్రం మీ ఇంటికి లాభం కదా?

మాటలు చాలు. బయట చింతచెట్టు కింద తల్లీ పిల్లా ఉన్నాయి, పిల్లకు నెలన్నర. అయిదుగురు అయిదుగురు చొప్పున రండి. ఉంగరాలు, గాజులు తీసి జేబులో వేసుకోండి, ఫోన్లు సైలెంట్‌లో పెట్టండి. కాలేజీ పిల్లలు చివర్లో రండి, ముందు ఇంట్లో గుర్రప్పిల్ల ఉన్నవాళ్లు. ఒక్కొక్కరూ భుజం మీద చెయ్యి వేసి ముందు కాలు ఒక్కసారి ఎత్తి కింద పెట్టాలి. పెద్దాయనా, మీరు నా పక్కన నిలబడండి, చెయ్యి ఎక్కడ పడాలో మీరే చెప్పాలి.